పది డ్రయర్లు చేయించే ముందు నాన్న మాట ఇంకోసారి వినండి

పల్నాడు జిల్లా నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 31. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక యంత్రాల కంపెనీలో ఏడేళ్ళు పనిచేశారు. రెండేళ్ళ కిందట మార్చిలో అకాల వాన పడి, వాళ్ళ నాన్న కల్లంలో ఆరబోసిన మిర్చి తడిసింది. తొమ్మిది క్వింటాళ్ళు తాలు కింద, అంటే రంగు పోయిన నాసి కాయ కింద పోయాయి. ఆ రాత్రి ఫోన్లో నాన్న గొంతు విన్నాక నిద్ర పట్టలేదట. అప్పటి నుంచి ఒకటే ఆలోచన: వానకు భయపడకుండా మిర్చి ఆరబెట్టే సోలార్ డ్రయర్. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశారు. 2,30,000 రూపాయలు ఖర్చుపెట్టి పెరట్లో ఒకటి తయారుచేశారు. విడతకు 120 కిలోల పండుకాయ పడుతుంది, మూడు రోజుల్లో ఎండుతుంది, రంగు చాలా బాగా వస్తోంది.

తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫారం పంపారు. 212 మంది నింపారు. 187 మంది 'కొంటాం' అన్నారు. ఆ ధైర్యంతో ఆటోనగర్‌లో ధర మాట్లాడుకున్నారు. పది డ్రయర్లు, ఒక్కోటి 1,40,000, మొత్తం 14 లక్షలు. చేతిలో ఆరు లక్షలున్నాయి. మిగతాది భార్య బంగారం తాకట్టు పెట్టి, కొంత అప్పు తెచ్చి సర్దాలి. ఆమెకు ఇప్పుడు ఐదో నెల. 'ఒక తేదీ చెప్పండి, అప్పటిదాకా అడగను' అందట. సొంతది ఒక ఎకరం, కౌలు రెండెకరాలు సాగుచేసే నాన్న మాత్రం యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి 'మన కల్లానికే చాలదురా ఇది' అని, మళ్ళీ దాని ఊసే ఎత్తలేదు. బయానా ఇమ్మని పదకొండు మంది చుట్టాలను అడిగితే అందరిదీ ఒకటే జవాబు: 'కాయ అమ్మాక చూద్దాంలే.'

ఉత్తరం చివర ఇలా అడిగారు: 'రైతుకి ఏం కావాలో రైతుకే తెలియదు, చేసి చూపిస్తేనే తెలుస్తుంది అంటారు. పది చేయించమంటారా, మానేయమంటారా? నాన్నను ఎలా ఒప్పించాలి?'

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తండ్రి నష్టం చూసి తట్టుకోలేక ఉద్యోగం వదిలి వచ్చిన మనిషికి ఊరికే జాగ్రత్తలు చెప్పి పంపేయడం నాకు ఇష్టం లేదు. అందుకే కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. మీరూ తీసుకోండి.

మీది మూడెకరాలు. ఎకరాకు 20 క్వింటాళ్ళ ఎండుకాయ వస్తుందనుకుందాం. మొత్తం 60. మూడు కోతల్లో చేతికొస్తే కోతకు 20 క్వింటాళ్ళు. 100 కిలోల పండుకాయ ఎండితే 25 నుంచి 30 కిలోలు తేలుతుంది. అంటే ఒక్క కోతకు మీ కల్లానికి చేరే పండుకాయ దగ్గర దగ్గర 7,000 కిలోలు. మీ డ్రయర్‌లో విడతకు 120 కిలోలు పడతాయి కాబట్టి 58 విడతలు కావాలి. విడతకు మూడు రోజులు, మొత్తం 175 రోజులు. ఎండ బాగుంటే కల్లంలో రెండు వారాలలో అయిపోయే పని ఇది. పోనీ, 14 లక్షలు పెట్టి చేయించిన పది డ్రయర్లూ తెచ్చి మీ ఒక్క కల్లంలోనే పెట్టినా ఒక కోత ఎండడానికి పదిహేడు, పద్దెనిమిది రోజులు పడుతుంది.

ఇదే లెక్క మీ నాన్న ఒక్క మాటలో చెప్పారు. 'మన కల్లానికే చాలదురా' అంటే మీకు వెటకారంగానో, నిరుత్సాహపరిచినట్టుగానో వినిపించి ఉండొచ్చు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో కొనేవాడి నోటి నుంచి వచ్చిన నిజమైన మాట అదొక్కటే అనిపించింది. 187 మంది 'కొంటాం' ఒకవైపు, ఆ ఒక్క మాట ఒకవైపు పెడితే నేను ఆ మాటనే నమ్ముతాను.

మరి అంతమంది అబద్ధం చెప్పారా అంటే, లేదు. మీరు అడిగిన ప్రశ్న అలాంటిది. 'వానకు మిర్చి తడవకుండా ఆరబెట్టే యంత్రం వస్తే కొంటారా?' అని అడిగారు. దానికి కొనను అని ఎవరంటారు? ధర రాయలేదు, ఎంత కాయ పడుతుందో రాయలేదు, డబ్బు ఎప్పుడు కట్టాలో రాయలేదు. పైగా ఆ గ్రూపుల్లో ఉన్నదెవరో మీరే రాశారు: కాలేజీ స్నేహితులు, పాత సహోద్యోగులు, వాళ్ళ ద్వారా వచ్చిన రైతుల పిల్లలు. వాళ్ళలో కల్లం దగ్గర కొనుగోలు నిర్ణయం తీసుకునేవాళ్ళు ఎందరు? మన దగ్గర మొహమాటం ఎక్కువ. కష్టపడుతున్న కుర్రాడు అడిగితే 'చాలా మంచి ఆలోచన, కానివ్వు' అనడం మర్యాద. ఆ మర్యాదను మీరు ఆర్డరుగా లెక్కేసుకున్నారు.

ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. పాతికేళ్ళ కిందట అనంతపురం జిల్లాలో వ్యవసాయ పనిముట్ల వ్యాపారంలో ఉండేవాణ్ణి. ఖరీఫ్‌కు ముందు ఆడవాళ్ళు విత్తనం కోసం వేరుశనగ కాయలు వలుస్తుంటే వాళ్ళ బొటనవేళ్ళు చూసి బాధేసింది. గోరు కింద చర్మం లేచి, పసుపు రాసుకుని మళ్ళీ వలిచేవాళ్ళు. చేత్తో లాగే కాయ వలుపుడు యంత్రాలు ముప్పై చేయించాను. ఊళ్ళో చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు, ఒక పెద్దావిడ దండం కూడా పెట్టింది. అమ్ముడుపోయినవి నాలుగు. నెల తర్వాత వెళ్ళి చూస్తే ఆ నాలుగూ కొట్టాల్లో మూల పడి ఉన్నాయి. అప్పుడు, చాలా ఆలస్యంగా, వాళ్ళ పక్కన కూర్చున్నాను. విత్తనానికి చీలిన పప్పు పనికిరాదు. యంత్రంలో పడ్డ ప్రతి గుప్పెడులోనూ కొన్ని చీలేవి, వాటిని ఏరడానికి మళ్ళీ ఒక మనిషి కావాలి. పైగా అది నిలబడి లాగాలి. వాళ్ళేమో చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని, నీడన కూర్చుని, నలుగురితో మాట్లాడుకుంటూ వలిచేవాళ్ళు. వేలి నొప్పి నిజం. కానీ ఆ నొప్పి తీర్చడానికి నేను వాళ్ళ నీడను, వాళ్ళ కూర్చోవడాన్ని తీసేసుకున్నాను. ఒక్క మధ్యాహ్నం ముందే అక్కడ కూర్చుని ఉంటే ఇదంతా తెలిసేది. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది.

'రైతుకి ఏం కావాలో రైతుకే తెలియదు' అన్న మాట అందుకే నాకు నచ్చదు. యంత్రం ఎలా ఉండాలో రైతుకు తెలియకపోవచ్చు, ఆ పని మీది. తన కష్టం ఎక్కడుందో, దానికి ఎంత ఖర్చు పెట్టగలడో, ఏ నెలలో చేతిలో డబ్బుంటుందో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి అడగడం మానొద్దు, అడిగే తీరు మార్చండి. 'కొంటారా' అని రాబోయే సంగతి అడిగితే ఆశ చెబుతారు. జరిగిపోయిన సంగతి అడిగితే నిజం చెబుతారు. 'మొన్న వాన పడ్డప్పుడు కాయ ఎక్కడుంది? ఎవరెవరు పరిగెత్తారు? ఎన్ని బస్తాలు పోయాయి? ఆ తర్వాత ఏడాది ఏం మార్చారు?' ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. వానకు దెబ్బతిన్న రైతు మరుసటి ఏడు కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టాలు ఇంకో నాలుగు కొన్నాడా? కల్లం ఎత్తు లేపించాడా? రాత్రి కాపలాకు మనిషిని పెట్టాడా? ఏదో ఒకదానికి డబ్బు పెట్టాడంటే ఆ కష్టం అతన్ని నిజంగా బాధిస్తోందన్నమాట. దెబ్బ తిన్నాక కూడా కొత్త పట్టా కొనలేదంటే, అతని మనసులో వాన కంటే పెద్ద బెంగ ఇంకేదో ఉంది. కోతకు కూలీలు దొరక్కపోవడం కావచ్చు, పురుగుమందుల బాకీ కావచ్చు, కౌలు కావచ్చు, ధర కావచ్చు. అలాంటివాడు లక్షా నలభై వేల యంత్రం కొనడు.

ఫోన్లో ఫోటోలు చూపించకుండా వెళ్ళండి. మీ యంత్రం చూశాక ఎదుటివాళ్ళు మీ మనసు నొప్పించకుండా మాట్లాడతారు. జనవరిలో కోతలు మొదలవుతాయి. సాయంత్రం కల్లాల్లో కాయ కుప్ప చేసి పట్టాలు కప్పే వేళకు వెళ్ళి, ఒక కొస మీరూ పట్టుకోండి. ఒక పదిహేను కల్లాలు చాలు. సొంత పొలం ఉన్నవాళ్ళు కొందరు, పూర్తిగా కౌలు మీద చేసేవాళ్ళు కొందరు ఉండేలా చూసుకోండి. ఏటా పొలం మారే కౌలు రైతు ఒకచోట పాతిపెట్టే యంత్రం కొంటాడా అన్నది మీరు ఇంతవరకు ఆలోచించినట్టు లేదు. ఇంటికొచ్చాక వాళ్ళు వాడిన మాటల్లోనే రాసుకోండి, మీ మాటల్లోకి మార్చొద్దు.

ఇక ఆ 'కాయ అమ్మాక చూద్దాంలే' సంగతి. దాన్ని మీరు తప్పించుకోవడం అనుకున్నారు. అందులో సగం మొహమాటమే, ఒప్పుకుంటాను. మిగతా సగం లెక్క. డ్రయర్ కావాల్సింది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడు రైతు చేతిలో ఉన్న ప్రతి రూపాయీ కోత కూలీలకు పోతుంది. డబ్బు వచ్చేది కాయ మార్కెట్ యార్డుకు వెళ్ళాక. ధర నచ్చక కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటే అది ఇంకా వెనక్కి పోతుంది. ధర సంగతి మీకు తెలియనిది కాదు. 2023లో గుంటూరు యార్డులో మంచి తేజ రకం క్వింటా 20,000 దాటింది. 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సిన పరిస్థితి వచ్చింది. అలాంటి ఏడాదిలో ఎంత మంచి యంత్రమైనా రైతు ఇంట్లో చివరి వరసలో నిలబడుతుంది. మీ సరుకు బాగుందా లేదా అన్నది ఒక ప్రశ్న. కొనేవాడి చేతిలో ఏ నెలలో డబ్బుంటుంది అన్నది దానికి ఏమాత్రం తీసిపోని ప్రశ్న.

ఇంకొకటి మీరు రుజువు చేయకుండానే నమ్మేశారు. రంగు బాగా వస్తే ధర ఎక్కువ వస్తుందని. రావచ్చు. ఎంత ఎక్కువ? మీ డ్రయర్‌లో మూడు విడతలు ఎండబెడితే రెండు టిక్కీల (మిర్చి బస్తాల) కాయ వస్తుంది, తొమ్మిది రోజుల పని. అదే కోతలో, అదే చేలో కాయ ఎండలో ఆరబెట్టినవి రెండు టిక్కీలు పక్కన పెట్టండి. నాలుగూ యార్డుకు తీసుకెళ్ళండి. ఏది ఎలా ఎండిందో కొనేవాడికి చెప్పొద్దు. ఆయన కాయ విరిచి, గింజ రాల్చి, గుప్పెట్లో నొక్కి చూసి ధర చెబుతాడు. తేడా క్వింటాకు రెండు వందలుంటే మీ వ్యాపారం ఒక రకం, రెండు వేలుంటే ఇంకో రకం. 14 లక్షలు పెట్టకముందే బండి కిరాయి ఖర్చుతో ఈ జవాబు దొరుకుతుంది. ఈ పనికి మీ నాన్నను వెంట తీసుకెళ్ళండి. ఆయనకు తెలిసిన కమీషన్ వ్యాపారి దగ్గరికే వెళ్ళండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

పది డ్రయర్లూ చేయించేయడం ఒక దారి. ఒకవేళ కొందరు కొంటే సంతోషమే. కొనకపోతే ఏప్రిల్ కల్లా సీజన్ అయిపోతుంది, మళ్ళీ జనవరి దాకా అవి మీ పెరట్లో ఉంటాయి, వడ్డీ నడుస్తుంటుంది. అప్పటికి మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది. 120 కిలోల లెక్క మారనంతవరకు నేనైతే ఈ దారిలో అడుగు పెట్టను. ఆహారశుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ ఇచ్చే కేంద్ర పథకం ఒకటి 2020లో మొదలైంది, దాని గురించి కూడా మీరు రాశారు. రాయితీ వచ్చినా మిగతా 65 శాతం మీదే. కొనేవాళ్ళు లేని సరుకును రాయితీ అమ్మిపెట్టలేదు.

ఉన్న ఒక్క డ్రయర్‌ను అమ్మకుండా, దానితో పనిచేసి పెట్టడం రెండోది. కల్లం మొత్తానికి అది చాలదు గాని, 120 కిలోలకు సరిపోయే అవసరాలు ఉన్నాయి. ఏడాదికి సరిపడా ఇంటి కారం కోసం మంచి కాయ ఏరి పెట్టుకునే కుటుంబాలు, విత్తనానికి కాయ దాచుకునే రైతులు, వాన రోజున కొంతైనా కాపాడుకోవాలనుకునేవాళ్ళు. కిలోకు ఇంత అని తీసుకోండి. మొదట వచ్చే డబ్బు చాలా తక్కువ ఉంటుంది, అది మీ ఇల్లు నడపదు. కానీ జేబులోంచి వంద రూపాయలు తీసి ఇచ్చినవాళ్ళు పది మంది దొరికితే, ఆ 187 మంది చెప్పలేనిది వాళ్ళు చెబుతారు.

మూడో దారి కొనేవాణ్ణి మార్చడం. నా మనసు ఎక్కువగా దీనివైపే పోతోంది, కానీ ఇది నా ఊహ, మీరు పరీక్షించుకోవాలి. మహారాష్ట్రలో ఎస్‌ఫర్‌ఎస్ టెక్నాలజీస్ అనే సంస్థ సోలార్ డ్రయర్లతోనే పనిచేస్తుంది. గ్రామాల్లో మహిళలు వాటిలో కూరగాయలు ఎండబెడతారు, ఆ ఎండిన సరుకును సంస్థే తీసుకుని ఆహార కంపెనీలకు అమ్ముతుంది. 2023లో ఆ సంస్థకు, పర్యావరణానికి మేలు చేసే పనులకు ఇచ్చే ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. ఆ మహిళలకు కావాల్సింది యంత్రం ఒక్కటే అయితే ఇంత ఏర్పాటు అవసరం లేదు. ఎండిన సరుకు కొనే చెయ్యి కావాలి, అది కూడా ఆ సంస్థే అందించింది. మీ చుట్టూ కారం, పసుపు, మునగాకు పొడి చేసే డ్వాక్రా సంఘాలున్నాయి. వాళ్ళకు 120 కిలోలు పెద్ద పరిమాణమే. ఇంకోవైపు ఎగుమతిదారులున్నారు. కాయ సరిగ్గా ఎండకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్‌లో మిర్చిలో అది మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, దాటితే సరుకు తిరుగుటపా. ఎడ్లపాడు మండలం వంకాయలపాడు స్పైసెస్ పార్కులో రెండు మూడు యూనిట్ల కొనుగోలు మేనేజర్లను కలిసి, శుభ్రమైన కాయ కోసం ఇప్పుడు ఏం చేస్తున్నారో, దానికి ఎంత ఖర్చవుతోందో అడగండి. లాం ఉద్యాన పరిశోధన కేంద్రంలో మీ కాయ తేమ శాతం చూపించుకోండి. ఈ దారిలో చిక్కేమిటంటే, సంఘాలు నెమ్మదిగా కదులుతాయి, ఎగుమతిదారులు టన్నుల్లో అడుగుతారు. ఎటు వెళ్ళినా ఏడాది ఓపిక కావాలి.

నాలుగోది యంత్రాన్నే పక్కన పెట్టడం. మిమ్మల్ని కదిలించింది ఆ వాన రాత్రి. ఆ రాత్రి మీ నాన్నకు డ్రయర్ అవసరమైందో, ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో కల్లమంతా కప్పేయగల ఒక తేలికైన ఏర్పాటు అవసరమైందో ఒక్కసారి ఆలోచించండి. రెండోదే అయితే అది మీ చదువుకు చిన్న పని, రైతు జేబుకు అందే పని. రెండేళ్ళుగా ఇష్టంగా పెంచుకున్న ఆలోచనను వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

తిరిగి ఉద్యోగంలో చేరి, సీజన్‌లో సెలవులు పెట్టి ఈ పరీక్షలన్నీ చేసుకోవడం కూడా ఒక దారే. దాన్ని ఓటమి లెక్కలో వేయకండి. ఇంటికి జీతం వస్తుంటే మీరు నిజాన్ని ఇంకా నిదానంగా వినగలుగుతారు. అప్పు నెత్తిమీద ఉన్నవాడికి ప్రతి 'చూద్దాం'లోనూ 'కొంటాం' వినిపిస్తుంది. నష్టమల్లా, వేగం తగ్గుతుంది, కోతల మధ్యలో కల్లాల దగ్గర ఉండాల్సిన కొన్ని రోజులు పోతాయి.

మీ భార్య తేదీ అడిగారు. తేదీతో పాటు, అప్పటిదాకా దీని మీద ఎంతకు మించి ఖర్చుపెట్టరో ఆ అంకె కూడా చెప్పండి. ఉదాహరణకు మార్చి నెలాఖరు, 60,000 రూపాయలు. అప్పటికి యార్డులో ధర తేడా, డబ్బిచ్చి ఎండబెట్టించుకున్నవాళ్ళ లెక్క, పదిహేను కల్లాల మాటలు మీ ఇద్దరి ముందు ఉంటాయి. అవి చూసి ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. బంగారం మాత్రం అప్పటిదాకా బీరువాలోనే ఉండనివ్వండి. కాన్పు దగ్గరపడుతున్న ఇంట్లో ఆ బంగారం ఆమెకు ఎంత ధైర్యమో మీకు నేను చెప్పక్కర్లేదు.

నాన్నను ఎలా ఒప్పించాలి అన్నారు. ఒప్పించే పని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ రాత్రి గురించి ఆయన్ను మీరు ఎప్పుడైనా వివరంగా అడిగారా? ఉత్తరంలో ఆయన గొంతు గురించి ఉంది, ఆయన చెప్పిన సంగతులు ఒక్కటీ లేవు. ఇవాళ అన్నం తిన్నాక పక్కన కూర్చుని అడగండి. మొదటి చినుకు పడేసరికి ఎక్కడున్నావు నాన్నా, ముందు ఏ కుప్ప మీద పట్టా కప్పావు, ఎందుకు దానిమీదే, ఇంకో అరగంట టైము దొరికితే ఏం చేసేవాడివి అని. మధ్యలో డ్రయర్ ఊసు తేకండి. ఆయన చెప్పిందంతా రాసుకోండి.

యార్డులో ఆ నాలుగు టిక్కీలకు పలికిన ధరలు నాకు రాయండి.